టిడ్కో ఇళ్లలో సేవలు మెరుగుపరచడానికి పురపాలక సంఘాలు చేయవలసిన పనులు

తాళాలు చేతికి వచ్చేవరకు ఇంటి వ్యవహారమంతా పట్టణ పేదలకు అపార్టుమెంట్లు కట్టించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కోతోనూ, రుణమిచ్చిన బ్యాంకుతోనూ నడుస్తుంది. ఆ తరువాత మోటారు ఆగినా, మురుగు పొంగినా, గోడ చెమ్మగిల్లినా జనం వచ్చేది వార్డు సచివాలయానికే. విజయనగరంలోని సారిపల్లి, సోనియానగర్‌లలో, శ్రీకాకుళంలోని పాత్రునివలసలో ఉన్న సముదాయాల బాగోగులు చూసే పురపాలక అధికారులు ముందుగా చేయవలసింది ఫిర్యాదుకు గడువు పెట్టడం. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు, దానిని చూసే ఉద్యోగి పేరు, పని పూర్తి కావలసిన తేదీ రాసిన చీటీని అక్కడికక్కడే ఇవ్వాలి. నీటి సమస్య ఎమెనిటీస్ (సౌకర్యాల) సెక్రటరీది, చెత్త శానిటేషన్ (పారిశుద్ధ్య) సెక్రటరీది అని సిబ్బందికి తెలిసినంత స్పష్టంగా నివాసులకు తెలియదు కనుక, ఏ సమస్య ఎవరిదో తేల్చుకునే పని కార్యాలయానిదే కావాలి. పైపు లీకు గురించి చెప్పుకోవడానికి ఒక కూలి మనిషి సోమవారం పని మానుకుని కలెక్టరేటులోని ప్రజా సమస్యల పరిష్కార వేదిక దాకా వెళ్లవలసి వచ్చిందంటే, వార్డు స్థాయిలో వ్యవస్థ పనిచేయలేదని అర్థం. ఇంట్లో ఉంటున్నది అసలు లబ్ధిదారు కాక అద్దెకు వచ్చిన కుటుంబమైనా, నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదును నమోదు చేయవలసిందే; ఆ ఇంట్లో ఎవరు ఉండాలన్నది వేరే విచారణ.

గడువు ఎందుకంత ముఖ్యమో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సామాజిక గృహ సంస్థకు చెందిన ఫ్లాటులో పట్టిన బూజు కారణంగా రెండేళ్ల బాలుడు చనిపోయాడు. తల్లిదండ్రులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నా పట్టించుకోలేదని విచారణలో తేలింది. ఆ తరువాత వచ్చిన చట్టం కింద, 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాల యజమానులు అత్యవసర ప్రమాదాలను 24 గంటల్లో సరిచేయాలి, తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదులను 10 పనిదినాల్లో పరిశీలించాలి, పరిశీలనలో తేలిన సంగతులను మరో 3 పనిదినాల్లో రాతపూర్వకంగా అద్దెదారుకు తెలపాలి. ఇవే అంకెలు మనకు అవసరం లేదు. పురపాలక సంస్థ తీర్మానంతో మన సిబ్బందికి తగిన గడువులు పెట్టుకుని, వాటిని ప్రతి బ్లాకు గోడమీదా రాయించవచ్చు.

చెమ్మ విషయంలో మరికొంత శ్రద్ధ కావాలి. టిడ్కో భవనాలు షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. ఇటుక గోడలకు బదులు గోడలన్నీ కాంక్రీటే. వాటిని పగలగొట్టి పైపు వెతకడం కష్టం, భవనం బలానికీ మంచిది కాదు. కాబట్టి లీకును మొదట్లోనే పట్టుకోవాలి. ఇంకా ముఖ్యమైనది, కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో లోపాలను సరిచేయవలసిన గడువు ఒప్పందంలో ఉంటుంది. ఆ తేదీ ఎప్పుడు ముగుస్తుందో ఇంజినీరింగ్ విభాగం వెంటనే వెతికి పెట్టుకోవాలి. ఒక వానాకాలం గడిచాక ఇంటింటికీ వెళ్లి, స్నానాల గది కింద గోడలు, కిటికీ అంచులు, పైకప్పు మూలలు చూసి, ఫొటోలతో జాబితా తయారుచేసి, గడువు లోపలే లేఖ పంపాలి. ఈ ఒక్క పని మరిచిపోతే, తరువాతి మరమ్మతుల భారమంతా పేదవాడి మీదో పురపాలక నిధి మీదో పడుతుంది.

ఉమ్మడి మోటారు, మెట్ల దీపాలు, మురుగు పారుదల నిర్వహణకు నెలనెలా వసూలు తప్పదు. అయితే ఎంత వచ్చింది, కరెంటు బిల్లుకు ఎంత పోయింది, మోటారు వైండింగుకు ఎంత ఇచ్చారు అన్నది బ్లాకు ముందు బోర్డుమీద రాయకపోతే రెండో నెలకే వసూలు ఆగిపోతుంది. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకు పొదుపు పుస్తకాలు రాసే అలవాటు ఉంది కనుక ఈ లెక్కలు వారికి అప్పగించడం మేలు. మ్యాన్‌హోలు శుభ్రత మాత్రం నివాసులకు వదలరాదు. మురుగు కాలువలను మనుషులతో ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది కాబట్టి యంత్రాన్ని పంపవలసింది పురపాలక సంస్థే.

మన జిల్లాల్లో తుపానును లెక్కలోకి తీసుకోని ఏర్పాటు నిలవదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి పోయింది. కరెంటు లేకపోతే మేడమీది ట్యాంకులకు నీరెక్కదు. సెప్టెంబరు ముగిసేలోగా ఏ బ్లాకుకు ఏ జనరేటరు, ఏ ట్యాంకరు వస్తుందో నిర్ణయించి, ఆ బాధ్యుల ఫోను నంబర్లను మెట్ల దగ్గర అంటించాలి.

ఈ భవనాల్లో లిఫ్టులు ఉండవు. వికలాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు కింది అంతస్తులు ఇవ్వడానికి ప్రాధాన్యమివ్వాలని ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కేటాయింపు జరిగిన తరువాత పక్షవాతం వచ్చినవారు, ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవారు మూడో అంతస్తులోనే చిక్కుకుపోతారు. ఇష్టపడే మరో కుటుంబంతో ఇల్లు మార్చుకునేందుకు దరఖాస్తులు తీసుకుని, బ్యాంకుతోనూ టిడ్కోతోనూ మాట్లాడి కాగితాలు సరిచేయించే పనిని ఒక అధికారికి పేరు పెట్టి అప్పగించాలి. సంతకాల కోసం ఆ కుటుంబం మెట్లు దిగి రావలసిన అవసరం లేకుండా ఆ అధికారే ఇంటికి వెళ్లాలి.