మెమరీ ఉన్నా ఫోర్క్ ఫెయిల్: పిడ్ మ్యాక్స్ మార్చిన నా అనుభవం

ఆ రాత్రి లైనక్స్ సర్వర్‌లో ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టినా 'ఫోర్క్: రీట్రై' అనే వస్తోంది, అంటే కొత్త ప్రాసెస్ (నడిచే ప్రోగ్రామ్) పుట్టడం లేదు. గ్రాఫ్‌లో చూస్తే మెమరీ సగం ఖాళీ. చాలా టెన్షన్ పడ్డాను. అదృష్టం కొద్దీ రూట్ (అడ్మిన్ హక్కులున్న) టెర్మినల్ ఒకటి తెరిచే ఉంది.

లైనక్స్‌లో ప్రతి థ్రెడ్‌కూ (ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే పనికి) ఒక పిడ్, అంటే గుర్తింపు నంబరు ఖర్చవుతుంది. మా జావా సర్వీసు థ్రెడ్లు పెరిగి పెరిగి మా సర్వర్‌లో ఉన్న పిడ్ పరిమితి 32768 దాకా వచ్చేశాయి. కొత్త ప్రాసెసే పుట్టనప్పుడు ఏ కమాండ్ నడుస్తుంది? కానీ ఎకో (ఇచ్చిన మాటను రాసే కమాండ్) బాష్‌లోనే, అంటే కమాండ్లు తీసుకునే షెల్‌లోనే ఉంటుంది, దానికి ఫోర్క్ అక్కర్లేదు! దాంతోనే ప్రాక్, సిస్, కెర్నెల్ ఫోల్డర్ల కింద ఉన్న పిడ్ మ్యాక్స్ ఫైల్లో (పిడ్ పరిమితి ఉండేది ఇందులోనే) 4194304 రాశాను. 64 బిట్ కెర్నెల్‌లో అదే గరిష్ఠం. వెంటనే ఎల్‌ఎస్ పలికింది, ప్రాణం లేచొచ్చింది.

రీబూట్ అయినా నిలవాలని సిస్‌సీటీఎల్ (బూట్ అయినప్పుడు కెర్నెల్ విలువలు పెట్టేది) సెట్టింగుల్లోనూ అదే విలువ పెట్టాను. థ్రెడ్లను వదలకుండా పోగేస్తున్న సర్వీసును మర్నాడు సరిచేశాం.