వాన వెలిశాక పాత చోటే మళ్లీ చూడండి

వాయుగుండం వాన వెలిసిందా, పాత నాణేలు ఇక ఏమీ లేవని వదిలేసిన పాత సంత దిబ్బకే మెటల్ డిటెక్టర్ పట్టుకుని మళ్లీ వెళ్లండి. తడి నేలలో సిగ్నల్ కాస్త లోతుకు దిగుతుంది. పైమట్టి కొట్టుకుపోతుంది, బరువైన రాగి అక్కడే నిలుస్తుంది. నీళ్లు ఇంకాక రెండో రోజు మేలు. కందుకూరు వైపు నల్లరేగడైతే ఇంకో రోజు ఆగండి, కాళ్లకు ముద్దలు కడుతుంది.

వాన నీళ్లు కోసిన గండ్ల కిందివైపు, గులకరాళ్లు పోగుపడ్డ చోట కాయిల్‌ను (డిటెక్టర్ కింది చక్రాన్ని) నేలకు ఆనీ ఆననట్టు నెమ్మదిగా తిప్పండి. నాకు చిల్లుకాణీ అలాగే దొరికింది. మట్టిపెళ్ల విరిస్తే ముందు ఆకుపచ్చ మరక, తర్వాత గుండ్రటి చిల్లు. అవి 1943-47 మధ్యవి. దయచేసి చింతపండుతో తోమకండి, అచ్చు పాడవుతుంది; మంచినీళ్లు చాలు.

కొత్తపట్నం తీరాన తడి ఇసుకలో ఉప్పు వల్ల డిటెక్టర్ ఊరికే మోగుతుంది, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల వల్ల వచ్చే మోతను తగ్గించే అమరిక) మళ్లీ సరిచేసుకోవాలి.

చేను ఆసామిని అడిగే దిగండి. ఉదయగిరి లాంటి కోటల జోలికి డిటెక్టర్‌తో అసలు పోవద్దు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతుకు నాగలి ఇటుకలకు తగిలి, కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. మీకూ కుండ తగిలితే అక్కడితో ఆపేయండి. 1878 నాటి నిధుల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా కలెక్టరుకు తెలియజేయాల్సిందే.