చిన్న పవర్డ్ సెంటర్ స్పీకర్: రూపకల్పన ఎలా చేయాలి

సినిమా సంభాషణల్లో అధిక భాగం తెర దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది; ఆంప్లిఫయరు దాని లోపలే ఉంటే పవర్డ్ అంటారు. కాబట్టి సోఫా చివర కూర్చున్నవారికి కూడా ప్రతి మాట స్పష్టంగా వినిపించాలన్నదే దీని రూపకల్పనకు మొదటి షరతు.

ట్వీటరుకు (హెచ్చు స్వరాలిచ్చే చిన్న డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే భాగం) అటూ ఇటూ ఒక్కో వూఫరును (తగ్గు స్వరాలిచ్చే పెద్ద డ్రైవరు) అడ్డంగా పేర్చే అమరిక ఎక్కువగా కనిపిస్తుంది గాని, అది ఈ షరతు దగ్గరే తప్పుతుంది. రెండు వూఫర్ల కేంద్రాల మధ్య 20 సెంటీమీటర్లు ఉంటే, 30 డిగ్రీలు పక్కకు కూర్చున్న శ్రోతకు ఒక వూఫరు రెండోదానికంటే సుమారు 10 సెంటీమీటర్లు దూరమవుతుంది. ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు కనుక, 1,700 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సగం తరంగదైర్ఘ్యానికి సమానమై, రెండింటి శబ్దం పరస్పరం రద్దవుతుంది. మాటల స్పష్టతకు కీలకమైన ప్రాంతం అదే. ఈక్వలైజరుతో ఈ గుంటను పూడ్చలేము, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నవారికి ఆ గుంటే ఉండదు. అందుచేత ఒకే 5 అంగుళాల కోయాక్సియల్ డ్రైవరును (వూఫరు నడిమధ్యలోనే ట్వీటరు ఉండేది), లేదా ఒక వూఫరు మీద ఒక ట్వీటరును నిలువుగా అమర్చడాన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఎత్తు చాలకపోతే స్పీకరును పక్కకు తిప్పడం కంటే 4 అంగుళాల వూఫరుకు దిగడమే మేలు.

పెట్టెను పూర్తిగా మూసినదిగానే కట్టాలి. పెట్టెలో డ్రైవరు క్యూ విలువ (అనునాదం ఎంత పదునుగా ఉందో చెప్పే సంఖ్య) 0.707కు చేరేలా ఘనపరిమాణం ఎంచుకోవాలి. ఉదాహరణకు ఎఫ్‌ఎస్ (విడిగా డ్రైవరు అనునాద పౌనఃపున్యం) 65 హెర్ట్జ్, క్యూటీఎస్ (విడిగా డ్రైవరు క్యూ) 0.40, వీఏఎస్ (డ్రైవరు కోన్ ఆధారపు మెత్తదనానికి సమానమైన గాలి పరిమాణం) 6 లీటర్లు ఉన్న వూఫరుకు 2.8 లీటర్లు సరిపోతాయి, అనునాదం 115 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. దాన్ని లింక్‌విట్జ్ ట్రాన్స్‌ఫార్మ్‌తో (పెట్టె అనునాదాన్ని ఎలక్ట్రానిక్స్ ద్వారా మార్చే ఫిల్టరు) 80 హెర్ట్జ్‌కి దించితే, అట్టడుగున సుమారు 6 డెసిబెల్స్, అంటే నాలుగు రెట్ల శక్తి, అదనంగా కావాలి. వూఫరు కోన్ కదలిక పరిమితి అందుకు తగినంత ఉందో లేదో ముందే లెక్క చూసుకోవాలి. ఇందుకు ప్రతిఫలం కూడా ఉంది: పెట్టె సహజంగా ఆక్టేవుకు (పౌనఃపున్యం రెట్టింపయ్యే మేరకు) ఇచ్చే 12 డెసిబెల్స్ వాలు, రిసీవరు (స్పీకర్లకు ధ్వనిని పంచే హోం థియేటరు పరికరం) 80 హెర్ట్జ్ దగ్గర వేసే అంతే వాలుతో కలిసి, సబ్‌వూఫరు 24 డెసిబెల్స్ వాలుకు చక్కగా జతపడుతుంది.

శక్తి విషయానికి వస్తే, ట్వీటరుకూ వూఫరుకూ వేర్వేరు క్లాస్ డి (తక్కువగా వేడెక్కే రకం) ఆంప్లిఫయర్లు, వాటి ముందు ఏడీఏయూ1701 వంటి డీఎస్‌పీ (ధ్వనిని అంకెల రూపంలో సవరించే చిప్పు) ఉండాలి. మెయిన్స్ కరెంటు పెట్టెలోకి రాకుండా బయట ఉండే 24 వోల్టుల అడాప్టరు వాడటం సురక్షితం. 8 ఓమ్‌ల డ్రైవరుకు దీనివల్ల సిద్ధాంతపరంగా 36 వాట్లు అందుతాయి. ఎలక్ట్రానిక్స్‌కు గాలి చొరబడని ప్రత్యేక అర కట్టి, దాని పరిమాణాన్ని డ్రైవరు పెట్టె లెక్కలో కలపకూడదు. ఆంప్లిఫయరు ఆన్ చేసినప్పుడు వచ్చే దెబ్బ నుంచి, డీసీ నుంచి కాపాడేందుకు ట్వీటరుతో సిరీస్‌లో 30 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటరు పెట్టాలి. 6 ఓమ్‌ల ట్వీటరుకు అది సుమారు 880 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్నే తగ్గిస్తుంది గనుక 2,200 హెర్ట్జ్ దగ్గరి క్రాసోవరుకు (వూఫరుకూ ట్వీటరుకూ శబ్దాన్ని పంచే చోటు) పెద్దగా అడ్డురాదు.

క్రాసోవరును లింక్‌విట్జ్-రైలీ (రెండు డ్రైవర్ల శబ్దం సమంగా కలిసే రకం) 24 డెసిబెల్స్ వాలుగా నిర్ణయించాలి. అయితే ఆ వాలు డీఎస్‌పీ తెర మీద కనిపిస్తే చాలదు, మైక్రోఫోను కొలిచిన ధ్వనిలో కనిపించాలి. 0, 15, 30, 45 డిగ్రీల దగ్గర విడివిడిగా కొలిచి, కోణం పెరిగేకొద్దీ గీతలు గుంటలు లేకుండా క్రమంగా దిగుతున్నాయో లేదో చూడాలి. ముందు పలక వెడల్పు 20 సెంటీమీటర్లయితే సుమారు 575 హెర్ట్జ్ కంటే కింద శబ్దం పలచబడుతుంది. గోడకు దూరంగా నిలబెట్టిన స్పీకరుకు 3, 4 డెసిబెల్స్ సర్దుబాటు అవసరం, గోడకు ఆనించి పెట్టేదానికి అంతకంటే తక్కువ చాలు.

చివరగా స్పీకరు ముందు అంచును అల్మరా అంచుకు సమంగా జరిపి, శ్రోత చెవి వైపు కొంచెం పైకి వంచాలి. డీఎస్‌పీ వల్ల ధ్వని ఒక మిల్లీసెకను ఆలస్యమైతే, రిసీవరులో సెంటర్ దూరాన్ని అసలు కంటే 34 సెంటీమీటర్లు ఎక్కువగా నమోదు చేస్తే ఆ తేడా సరిపోతుంది.