కన్యాశుల్కం పాఠంలో మూడో గొంతు

తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం చదివిస్తే సంభాషణలు అప్పజెప్పినట్టు సాగిపోతాయి గాని, నవ్వు మాత్రం పుట్టదు. 1909 నాటి రెండవ కూర్పు చాలా పెద్దది కనుక, మొదటి అంకంలో మాటకారి గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో కలిసి ఆ కుర్రాడి ఊరికి బయలుదేరడానికి ఎత్తు వేసే ఘట్టం నుంచి పది పన్నెండు సంభాషణలు మాత్రమే తీసుకోండి. పిల్లలను ముగ్గురేసి జట్లుగా విడదీసి, ఇద్దరికి పాత్రలను, మూడో వారికి గిరీశం మనసును అప్పగించండి. ఐదు నిమిషాలు మౌనంగా చదివాక, మరో పది నిమిషాల్లో, గిరీశం పలికే ప్రతి మాట వెనకనున్న అసలు ఉద్దేశాన్ని ఆ మూడో విద్యార్థి తన సొంత వాడుక భాషలో చీటీ మీద ఒక్కొక్క వాక్యంగా రాసుకుని, ప్రదర్శించేటప్పుడు గిరీశం వెనక నిలబడి, అతని మాట పూర్తికాగానే పైకి చదవాలి. శిష్యుడి చదువు గురించి గురువుగారు బెంగ ఒలకబోస్తుండగా వెనక నుంచి "ఊళ్లో అప్పులవాళ్లు బతకనివ్వడం లేదు" అని వినబడితే తరగతి అంతా ఘొల్లుమంటుంది. వెంకటేశం అమాయకుడా, గడుసువాడా అని ఆ తరువాత వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు; అందుకు చివరి పది నిమిషాలు తప్పక మిగల్చండి, ఎందుకంటే అసలు పాఠం అక్కడే జరుగుతుంది. విజయనగరం వైపు మాటలకు అర్థాలను ముందే బోర్డు మీద రాసి ఉంచాలి.

వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధానులు కోపంతో ఊగిపోయే ఘట్టాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఆయన మనసులో ఉన్నదే నోట వస్తుంది కాబట్టి మూడో గొంతుకు చెప్పడానికి ఏమీ మిగలదు. వేశ్య మధురవాణి తన విటుడు రామప్పంతులును ఆడించే సంభాషణలు ఇంటర్ విద్యార్థులకైతే చక్కగా కుదురుతాయి.