గోళ్ల సమస్యలు: తేడా ఎక్కడ మొదలైందో ముందు చూడండి

గోళ్లు పాడవుతున్నాయనగానే ఎవరో ఒకరు కాల్షియం బిళ్లలు వేసుకోమంటారు. బిళ్ల జోలికి వెళ్లే ముందు మూడు సంగతులు చూడాలి. తేడా ఒక్క గోటికేనా, అన్నిటికీనా? చేతులకేనా, కాళ్లకూ ఉందా? గోరు చివర మొదలైందా, పక్కనా, మొదట్లోనా (చర్మంలోంచి గోరు బయటికి వచ్చే చోట)? సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఇంకోటి. పైకి కనిపించే గోటికి ప్రాణం లేదు. మొదట్లో చర్మం కింద తయారై ముందుకు జరుగుతూ వస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు, కాలి గోరు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చేతికి పూర్తిగా కొత్త గోరు రావాలంటే దాదాపు 6 నెలలు, కాలి బొటనవేలికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. చెడిపోయిన భాగం ఏం రాసినా మళ్లీ అతుక్కోదు. అది పెరిగి చివరికి వచ్చేదాకా ఆగి కత్తిరించుకోవాలి.

చేతి గోళ్లు చివర పొరలుగా లేస్తున్నాయి, పుటుక్కున విరుగుతున్నాయి

కాలి గోళ్లు చూసుకోండి. అవి గట్టిగా ఉండి చేతి గోళ్లే విరుగుతుంటే తప్పు సాధారణంగా ఒంట్లో ఉండదు, నీళ్లలోనూ సబ్బులోనూ ఉంటుంది. గోరు తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. రోజంతా అంట్లు, బట్టలు, వంట పనితో ఇది పదేపదే జరిగితే పొరల మధ్య పట్టు వదులుతుంది. నెయిల్ పాలిష్ తీసే ద్రావణంలో ఎసిటోన్ ఉంటే ఉన్న కాస్త జిడ్డూ పోతుంది.

అంట్లు తోమేటప్పుడు రబ్బరు గ్లౌజులు వేసుకోండి, వాటి లోపల పల్చటి నూలు గ్లౌజులు ఉండాలి. ఉత్త రబ్బరువైతే లోపల చెమట పట్టి మళ్లీ తడే. రాత్రి పడుకోబోయే ముందు వేళ్లను 10 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తడి అద్దుకున్న వెంటనే వ్యాజిలైన్ రాయండి. నీళ్లు ముందు, జిడ్డు తర్వాత. పొడి గోటి మీద రాస్తే పట్టి ఉంచడానికి లోపల తడే ఉండదు. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది గానీ దుప్పటికి అంటుకుని త్వరగా పోతుంది. లేచిన పొరను పంటితో పీకొద్దు, సన్నటి ఫైల్‌తో ఒకే దిశలో రుద్దండి. ముందుకూ వెనక్కూ రంపంలా రుద్దితే చీలిక ఇంకా లోపలికి పోతుంది. రిమూవర్ రెండు వారాలకు ఒకసారి మించి వద్దు.

బయోటిన్ అనే బి విటమిన్ బిళ్లలు కొందరికి పనిచేస్తాయి, కొందరికి చేయవు, చేసినా ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. అవి వాడుతున్న సంగతి మాత్రం రక్తపరీక్షకు ముందు డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్ ఫలితాలు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ ఫలితం కూడా వాటివల్ల తప్పుగా రావచ్చు.

చేతి గోళ్లు, కాలి గోళ్లు రెండూ పెళుసుబారితే, లేదా నీటిబొట్టు నిలిచేలా గోరు మధ్యలో గుంట పడితే హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి. ఐరన్ లోపం అలా కనిపిస్తుంది.

గోరు పక్కన వాచి సలుపుతోంది

గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు. ఆ కాస్త జాగాలో చీము చేరితే నిద్ర పట్టదు. గోరు కొరకడం, గోరు పక్కన లేచిన తోలును లాగడం, పార్లర్లో క్యూటికల్ (గోరు మొదట్లో అంటుకుని ఉండే పల్చటి తోలు) కత్తిరించడం లాంటి వాటితో చర్మం తెగి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి.

మొదటి ఒకటి రెండు రోజుల్లో అయితే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలిని 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు ఉంచి, పూర్తిగా ఆరనివ్వండి. చాలావరకు దీనితోనే అణుగుతుంది. పసుపురంగులో చీము కనిపిస్తే డాక్టరు దగ్గర తీయించుకోవాలి, ఇంట్లో సూది పెట్టొద్దు. నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడిగే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది చీమును బయటికి తేదు, తెగిన చర్మాన్ని మండిస్తుంది. చీముకు బదులు సన్నని నీటిపొక్కులు గుంపుగా లేస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు, దాన్ని కోయకూడదు. ఎర్రటి చార చేయి పైకి పాకినా, జ్వరం వచ్చినా, వేలి కొన గట్టిగా వాచినా, షుగర్ ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరు వారాలు దాటినా తగ్గుతూ పెరుగుతూ ఉంటే అది వేరే రకం. హోటల్ వంటవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు, చేపలు శుభ్రం చేసేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. గోటికీ చర్మానికీ మధ్య సీలులా ఉండే క్యూటికల్ ఊడిపోయి సందు పడుతుంది, అందులోకి నీళ్లు, సబ్బు దిగుతూనే ఉంటాయి. దీనికి యాంటీబయాటిక్ కోర్సులు ఎన్ని వాడినా అంతే. చేయి పొడిగా ఉంచుకోవాలి, డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వాడాలి, క్యూటికల్ మళ్లీ వచ్చేదాకా దాన్ని వెనక్కి నెట్టడం మానాలి.

కాలి బొటనవేలి గోరు కండలోకి దిగుతోంది

ఎక్కువ సార్లు నెయిల్ కట్టరే కారణం. మూలలు గుండ్రంగా, లోతుగా తీసేస్తే చర్మం పైకి పొంగుతుంది, పెరిగే గోరు మొన దానిలోకి గుచ్చుకుంటుంది. నొప్పి పుడుతుందని ఆ మూలను ఇంకాస్త తీస్తారు. అప్పటికి హాయిగా ఉంటుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. వేళ్ల దగ్గర ఇరుకైన బూట్లు దీనికి తోడు.

గోరును అడ్డంగా, తిన్నటి గీతలా కత్తిరించండి. రెండు మూలలూ చర్మం అంచు దాటి పైకి కనబడాలి. స్నానం అయ్యాక గోరు మెత్తబడి ఉంటుంది కాబట్టి అదే మంచి వేళ, పెద్దవాళ్ల మందపాటి గోళ్లకైతే మరీ. సంధ్యవేళ గోళ్లు తీయొద్దనే మాట కనీసం వెలుతురు విషయంలో సబబే.

ఇప్పటికే గుచ్చుకుంటుంటే గోరువెచ్చని నీళ్లలో 15 నిమిషాలు కాలు నానబెట్టి, దూదిని సన్నటి వత్తిలా చేసి గోరు మూల కిందకు నెమ్మదిగా దూర్చండి. రోజూ కొత్తది మార్చాలి. మూల చర్మం దాటి వచ్చేదాకా, అంటే కొన్ని వారాలు, ఇలా చేయాలి. గోరు మధ్యలో వి ఆకారంలో గాటు పెడితే మూలలు దగ్గరికి వస్తాయనేది ఉత్తమాట. గోరు మొదటి నుంచి పెరుగుతుంది, చివర పెట్టిన గాటు సంగతి దానికి తెలియదు.

చీము, ఎర్రటి పచ్చికండ పెరిగితే దూదితో పని కాదు. డాక్టరు వేలికి మత్తిచ్చి ఆ పక్క గోటి పేలిక మాత్రం తీసి, అక్కడ మళ్లీ పెరగకుండా ఫీనాల్ అనే రసాయనం పెడతారు. మొత్తం గోరు పీకించుకోనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు, పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు దూది ప్రయోగం కూడా ఇంట్లో చేయొద్దు.

గోరు పసుపురంగుకు మారి, మందమై, కింద పొడి రాలుతోంది

చివరనో పక్కనో మొదలై మొదటి వైపు పాకుతుంటే, కాలివేళ్ల సందులు కూడా నాని పొట్టు లేస్తుంటే ఫంగస్ కావచ్చు. కానీ ఇలా వికారంగా మారిన గోళ్లలో దాదాపు సగం ఫంగస్ కాదు. సూదితో పొడిచినట్టు చిన్న గుంటలుంటే సోరియాసిస్ అనే చర్మవ్యాధి కావచ్చు, బూటు రాపిడి కూడా గోటిని మందం చేస్తుంది. గోటి తురుము తీసి ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్ష అయ్యాకే మందు మొదలుపెట్టాలి.

ఫంగస్సే అయితే సాధారణంగా టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల బిళ్ల, చేతికి 6 వారాలు, కాలికి 12 వారాలు రాస్తారు. ముందు లివర్ పరీక్ష ఉంటుంది. కోర్సు అయ్యేసరికి గోరు ఇంకా పాతలాగే కనిపిస్తుంది, మందు పనిచేయలేదనుకోకండి. మొదట్లో శుభ్రమైన గోరు వస్తోందా అన్నదే చూడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. దురద తగ్గుతుంది, ఫంగస్ పెరుగుతుంది. పాదాలు కడిగాక వేళ్ల సందులు తుడవకపోతే, పాత సాక్సులే వాడితే తగ్గింది కూడా తిరిగొస్తుంది.

గోరు కింద నల్లబడింది

తలుపులో పడిందో, రాయి తగిలిందో గుర్తుంటే అది గడ్డకట్టిన రక్తం. సలుపు ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోపు డాక్టరు గోటికి చిన్న రంధ్రం పెట్టి తీసేస్తారు. నొప్పి లేకపోతే వదిలేయండి. మచ్చ వెనుక అంచు దగ్గర ఫోటో తీసి పెట్టుకోండి, నెల తర్వాత మళ్లీ తీయండి. రక్తమైతే మచ్చ ముందుకు జరిగి, వెనక తెల్లటి గోరు కనిపిస్తుంది.

జరగకపోతే జాగ్రత్త. మన రంగు వాళ్లకు చాలా గోళ్లలో సన్నటి గోధుమ గీతలు ఉండటం మామూలే. ఒక్క గోటిలోనే, ముఖ్యంగా చేతి లేదా కాలి బొటనవేలికి, కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు చర్మం మీదికి పాకినా వెంటనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. అది మెలనోమా క్యాన్సర్ కావచ్చు.

మిగతావి

తెల్లచుక్కలు చిన్న దెబ్బలవల్ల వచ్చేవి, కాల్షియంతో సంబంధం లేదు. రంగు లేని నిలువు గీతలు వయసుతో వస్తాయి. ఆకుపచ్చరంగు వస్తే ఊడి లేచిన గోరు కింద బాక్టీరియా చేరినట్టు, లేచిన భాగం కత్తిరించి పొడిగా ఉంచి డాక్టరుకు చూపించండి.

అన్ని గోళ్లకూ ఒకే వరుసలో అడ్డంగా గాడి పడితే స్కేలు తీసుకోండి. చేతి గోరు మొదటి నుంచి గాడిదాకా 6 మిల్లీమీటర్లుంటే రెండు నెలల కిందట ఒంట్లో బాగాలేదన్నమాట. పెద్ద జ్వరం వచ్చినప్పుడు గోటి పెరుగుదల కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. దానికి మందక్కర్లేదు. చిన్నపిల్లలకు నోరు, చేతులు, కాళ్ల మీద పొక్కులతో జ్వరం వచ్చి తగ్గిన కొన్ని వారాలకు ఒక్కోసారి గోళ్లు మొదట్లోంచి ఊడివస్తాయి. అప్పటికే కింద కొత్త గోరు పెరుగుతుంటుంది. ఊగుతున్నదాన్ని లాగకుండా, బట్టలకు తగిలే అంచు మటుకు కత్తిరించి ప్లాస్టర్ చుట్టండి.