వారం సరుకుల బిల్లు 3,600 నుంచి 2,500కి: మా ఇంట్లో ఏం మార్చాం

విశాఖలో పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఎవరి కంటైనర్‌కి ఎంత బాకీయో పైసాతో సహా చెప్పగలను. మా ఇంట్లో వారానికి సరుకులకి ఎంతవుతోందో మాత్రం నాకు తెలిసేది కాదు. మా ఆవిడ నర్సు, షిఫ్టు డ్యూటీలు. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడికి మూడు. సరుకులు తెచ్చే పని నా నెత్తిన పడ్డాక ఒక నెల బిల్లులన్నీ దాచి కూడితే, పాలతో కలిపి వారానికి 3,600 తేలింది. ఇప్పుడు 2,500 అటూ ఇటూగా ఆగుతోంది. పిల్లలకి పాలు, గుడ్లు, పళ్ళు ఏవీ తగ్గించలేదు. తగ్గించినవి వేరే.

ముందు బిల్లులు నేల మీద పరవండి

నాలుగు వారాల బిల్లులు కావాలి. యాప్‌లో తెప్పించినవి పాత ఆర్డర్లలో దొరుకుతాయి. కిరాణా కొట్టులో చీటీ ఇవ్వకపోతే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో చెల్లింపులు చూడండి. మా పెద్దదాని ఎర్ర క్రేయాన్ అడిగి తీసుకుని ఒక్కో వస్తువు పక్కన ఒక గుర్తు పెట్టుకుంటూ పోయాను. వంటకి వాడేదైతే చుక్క. పిల్లల పేరు చెప్పి కొన్నదైతే గీత. ఎందుకు కొన్నామో గుర్తు రానిదైతే సున్నా.

బియ్యం, పప్పు, నూనె దగ్గరే కోత వెయ్యాలేమో అనుకుంటూ కూర్చున్నాను. చుక్కల్లో తగ్గించడానికి పెద్దగా ఏమీ లేదు. గీతలు వారానికి 650, సున్నాలు 550 వచ్చాయి. అంటే మూడో వంతు డబ్బు అన్నంలోకీ కూరలోకీ పోవడం లేదు.

ఒక మంగళవారం రాత్రి ఆర్డరు చెబుతాను. మాకు కావలసింది కొత్తిమీర కట్ట, 15 రూపాయలు. డెలివరీ చార్జీ పడకూడదంటే 199 చెయ్యాలి. అందుకని ఒక చిప్స్ ప్యాకెట్, పిల్లలకని రెండు స్ట్రాబెర్రీ పెరుగు కప్పులు, ఒక చాక్లెట్, ఇంకేదో బిస్కెట్టు. మొత్తం 214. ముప్ఫై రూపాయల చార్జీ తప్పించుకున్నానని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను కూడా. నెలలో ఇలాంటి ఆర్డర్లు పదకొండు.

ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసెయ్యలేదు. నైట్ డ్యూటీకి వెళ్ళే మనిషి ఉన్న ఇంట్లో ఎప్పుడైనా అవసరం పడుతుంది. అందులో దాచిన కార్డు వివరాలు మాత్రం తీసేశాను. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాలంటే సగం కోరికలు అక్కడే చస్తాయి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం. అయిపోయినవి దాని మీద రాయడమే, ఆదివారం దాకా కొనేది లేదు. కొత్తిమీర లేకపోతే చారు కొత్తిమీర లేకుండానే కాగుతుంది.

బోర్డు చూసి కూర అనుకోవాలి

నేను చేసిన మార్పుల్లో కూరగాయల బిల్లుని తగ్గించింది ఇదొక్కటే. ఇదివరకు ఇంట్లోనే కూరలు అనుకుని, చీటీ రాసుకుని, చీటీలో ఉన్నవి ఏ ధరకైనా కొనేవాణ్ణి. ఇప్పుడు ఆదివారం ఏడింటిలోపు ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్ళి ముందు ధరల బోర్డు ఫోటో తీస్తాను. రైతు బజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాయడం ఉంది. కిలో ధర తక్కువున్న నాలుగైదు కూరగాయలు ఎంచుకుని, వాటితో వారం కూరలు అనుకుంటాను. ఆ ఫోటో వారం మధ్యలో కూడా పనికొస్తుంది. తోపుడు బండి అతను బెండకాయలకి ఎంత ఎక్కువ చెబుతున్నాడో తెలిస్తే, ఆ తేడా మన కాళ్ళ కష్టానికి సరిపోయిందో లేదో తేల్చుకోవచ్చు. ఒక్కోసారి బండి దగ్గరే నయం, పెట్రోలు కలిసొస్తుంది.

కొన్నవాటిని ఏ రోజు వండాలో ధర చూసి కాదు, అవి ఎన్నాళ్ళు ఆగుతాయో చూసి తేల్చాలి. ఆది, సోమవారాలు ఆకుకూరలు. తోటకూర, పాలకూర మంగళవారానికే వాడిపోతాయి. మంగళ, బుధ వంకాయ, బెండకాయ. గురువారం ఆనపకాయో దొండకాయో. శుక్రవారం నుంచి బంగాళాదుంప, కంద, దోసకాయ లాంటి గట్టివి. శనివారం కొత్తగా ఏమీ ఉండదు, మిగిలినవన్నీ వేసి సాంబారు. ఇద్దరు పెద్దవాళ్ళం, ఇద్దరు చిన్నవాళ్ళకి వారానికి ఆరు కిలోల కూరగాయలు, ఐదారు కట్టల ఆకుకూర సరిపోతున్నాయి. ముందు ఎనిమిదిన్నర కిలోలు తెచ్చేవాణ్ణి. ఆ పైన రెండున్నర కిలోలు ఎటు పోయేవో మా చెత్తబండి అతనికే తెలియాలి.

పెద్దదాన్ని కూడా తీసుకెళ్తాను. బోర్డు మీద పేర్లు చదవడం దాని డ్యూటీ. తెలుగు చదవడం బళ్ళో కంటే అక్కడే బాగా వచ్చింది. ‘నాన్నా, కాకరకాయ చవగ్గా ఉంది గానీ మనం చూడనట్టు వెళ్ళిపోదాం’ అంటుంది.

పిల్లల పేరు మీద కొనేవి

గీతల్లో అన్నిటికంటే పెద్దది పాలల్లో కలిపే చాక్లెట్ పొడి. నెలకి రెండు డబ్బాలు. మా అమ్మ అనకాపల్లి దగ్గర పల్లెలో ఉంటుంది. ఒకసారి వచ్చి డబ్బా తిప్పి చూసి, ‘ఇందులో ఏముందిరా, పంచదారే కదా! నువ్వు చోడి అంబలి తాగి పెరగలేదూ?’ అంది. వెనక అచ్చు వేసిన పట్టిక చదివితే అమ్మ మాట చాలావరకు నిజం. ఇలాంటివాటిని ‘హెల్త్ డ్రింక్స్’ అనే వర్గంలో చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది కూడా. మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకి నిర్వచనమే లేదు.

చోడి పిండి అంటే రాగి పిండే. మా వైపు చోళ్ళు అంటాం. ఇద్దరు పిల్లలకి రెండు చెంచాల పిండిని అర గ్లాసు చల్లటి నీళ్ళలో ముందే కలపాలి. వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. ఒకటిన్నర గ్లాసు నీళ్ళు మరిగాక ఇది పోసి, సన్నని మంట మీద ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే పచ్చివాసన పోయి నిగనిగలాడుతుంది. తురిమిన బెల్లం వేసి కరిగించి దించెయ్యాలి. కొంచెం చల్లారాకే కాచిన పాలు పొయ్యాలి. పొయ్యి మీద ఉండగానే బెల్లం, పాలు కలిపితే విరిగిపోవచ్చు. నేను రెండుసార్లు విరగ్గొట్టాను. మొదటి వారం చిన్నోడు ముట్టలేదు. పాత డబ్బాలో అడుగున మిగిలిన పొడి చిటికెడు పైన చల్లి ఇచ్చాం, తాగాడు. చిటికెడు అరచిటికెడై, పది రోజులకి డబ్బా ఖాళీ అయింది. మోసమే అనుకోండి.

పెరుగు కప్పులకి బదులు ఇంటి పెరుగులో అరటిపండు చిదిపి అదే ప్లాస్టిక్ కప్పులో పెడుతున్నాం. పిల్లలకి నచ్చింది కప్పు, పెరుగు కాదు. సాయంత్రానికి మరమరాలు, అటుకుల పోపు, ఉడికించిన సెనగలు. పల్లీలు బిస్కెట్ల కంటే నయమే గానీ, నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి గింజ గింజగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. చిన్నోడికి పొడి చేసి అన్నంలోనో అటుకుల్లోనో కలుపుతాం. సెనగలు కూడా వాడికి చిదిపే పెట్టాలి.

బిస్కెట్లు పూర్తిగా మానెయ్యలేదు. ఆదివారం కొట్టులో ఇద్దరికీ చెరో 20 రూపాయలు చేతికిస్తాం, ఏం కొనుక్కుంటారో వాళ్ళిష్టం. మా డబ్బుతో అయితే నాలుగు అడిగే పెద్దది, తన డబ్బు అనేసరికి పది నిమిషాలు నిలబడి ఒకటే కొని మిగతాది జేబులో వేసుకుంటోంది. చిన్నోడికి ఈ విద్య ఇంకా పట్టుబడలేదు. పిల్లల్ని ఖాళీ కడుపుతో మాత్రం కొట్టుకి తీసుకెళ్ళకండి. మీరూ వెళ్ళకండి.

పాలు, గుడ్లు, చేపలు

పాలు రోజుకి లీటరున్నర. అంతా ఫుల్ క్రీమ్ కొనేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు తాగడానికి అరలీటరు ఫుల్ క్రీమ్, పెరుగుకీ టీకీ లీటరు టోన్డ్. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం కొవ్వు ఉంటుంది, టోన్డ్‌లో 3 శాతం. పెరుగు కాస్త పలచగా తోడుకుంటుంది, అంతే తేడా. గుడ్లు 30 ఉన్న అట్ట మొత్తంగా తెస్తాం, విడిగా కంటే ఒక్కోదాని మీద అర్ధరూపాయికి పైగా కలిసొస్తోంది. చికెన్ బోన్‌లెస్ మానేశాం. ఎముకలు చారులోకి పనికొస్తాయి.

చేపలకి ఊరు కలిసొచ్చింది. వంజరం జోలికి వెళ్ళకుండా ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలు తెస్తే ఖర్చులో సగం కూడా అవదు. ముళ్ళు ఏరి పెట్టే ఓపిక మాత్రం ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల మీద వేట నిషేధం, ధరలు పైకెళ్తాయి. ఆ రెండు నెలలు గుడ్లతోనే కానిస్తాం.

బస్తాలు, ప్యాకెట్లు

బియ్యం 26 కిలోల బస్తా ఎందుకు వస్తోందని చాలామంది అడుగుతుంటారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. ఒక్క కిలో పెంచితే పన్ను లేదు. అందుకని ఐదు, పది కిలోల సంచులు కొనడం దండగ. పాత బియ్యం కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువైనా అన్నం ఒదుగుతుంది, కొత్తవి ముద్దయిపోతాయి. మాకు బస్తా ఐదు వారాలు వస్తుంది.

నూనె ప్యాకెట్ ముందు భాగం చూడకండి, వెనక గ్రాములు చూడండి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే ఎత్తున్న ప్యాకెట్ పది రూపాయలు తక్కువకి దొరికితే, చాలాసార్లు దాంట్లో 850 గ్రాములో ఇంకా తక్కువో ఉంటుంది. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. అది చదివితే పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదని తెలుస్తుంది.

ఏడాది సరుకులు మా అమ్మ తరం వాళ్ళలాగే చేస్తున్నాం. ఎండుమిర్చి, చింతపండు కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వస్తుంది. అప్పుడు పూర్ణా మార్కెట్‌లో ఒకేసారి కొనేస్తే, ఏడాదంతా వారం బిల్లులో ఆ రెండు పేర్లే కనపడవు. కందిపప్పు ఎండలో పెట్టి, ఆముదం పట్టించి డబ్బాలో పోస్తాం. వండే ముందు వేడినీళ్ళతో కడిగితే వాసన ఉండదు.

ఇదే ఊపులో ఒక వానాకాలం చవగ్గా వచ్చిందని ఇడ్లీ రవ్వ పది కిలోలు తెచ్చాను. సముద్రం పక్క ఊరు, ఆ ఉక్కకి మూడో వారమే పురుగు పట్టింది. జల్లెడ పట్టి, ఎండబెట్టి, చివరికి సగం అవతల పారబోశాం. రవ్వలు, పిండి రెండు వారాలకి మించి నిల్వ పెట్టకండి.

ఇంకో మాట. డబ్బు కట్టాక బిల్లు అక్కడే నిలబడి చదవండి. ఒక సూపర్ మార్కెట్‌లో అరలో 89 అని ఉన్న సబ్బుల ప్యాకెట్‌కి 104 వేశారు. అడిగితే పాత చీటీ సార్ అన్నారు, 15 వెనక్కి ఇచ్చారు. వెనక లైన్లో ఉన్నాయన విసుక్కున్నాడు.

టమాటా

2023 జూలైలో టమాటా కిలో 150 దాటినప్పుడు మా ఇంట్లో కూరే ఆగిపోయినంత పనైంది. అన్నిట్లోనూ టమాటా వెయ్యడం అలవాటైపోయింది మనకి. పులుపు కావాలి, అంతే కదా. పప్పులో మామిడికాయ, చింతచిగురు, గోంగూర, ఏదీ లేకపోతే చింతపండు. ఆ నెలే మా ఆవిడకి ఒరుగులు గుర్తొచ్చాయి. అప్పటి నుంచి ఎండాకాలంలో టమాటా చవకైన వారం చూసి నాలుగు కిలోలు ఎక్కువ తెచ్చి, చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి మేడ మీద ఆరబెడుతున్నాం. పొడి ఊళ్ళల్లో రెండు ఎండలు చాలంటారు. మా సముద్రపు గాలికి ఐదు రోజులు పట్టింది. కాపలాకి పెద్దదాన్ని కూర్చోబెట్టాం. అది కార్టూన్ చూడ్డానికి కిందకి దిగినప్పుడు కాకులు ఒక పళ్ళెం ఖాళీ చేశాయి. మిగిలినవి ఒక హార్లిక్స్ సీసాకి సరిపోయాయి, జూలై దాకా వచ్చాయి.