ఆఫీసు కంప్యూటర్ స్వయంబోధిని, 6వ పాఠం: పాటల ఫోల్డర్‌ను ఏం చేయాలి?

పోయిన పాఠంలో డీ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ ఎంత జాగా తీసుకుంటోందో చూడటం నేర్చుకున్నాం. మిర్యాలగూడలో రైసుమిల్లు ఆఫీసైనా, జడ్చర్లలో గోదామైనా, నల్లగొండలో అకౌంట్లు రాసే గదైనా, చాలాచోట్ల ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా కంటే ‘సాంగ్స్’ ఫోల్డరే పెద్దగా తేలుతుంది. దాన్ని తీసేయడం రెండు క్లిక్కుల పని. అందులో ఏది ఉంచుకోవచ్చు, ఏది ఉంచుకోకూడదు అన్నది తేల్చుకోవడమే ఈ పాఠం.

ముందు అందరూ అడిగే ప్రశ్న. పాట డౌన్‌లోడ్ చేస్తే దొంగతనమా? చట్టం లెక్కలో దొంగతనం వేరు, కాపీరైట్ ఉల్లంఘన వేరు. ఒకరి స్వాధీనంలో ఉన్న చర ఆస్తిని వాళ్ల ఒప్పుదల లేకుండా, కాజేసే ఉద్దేశంతో కదిలిస్తే దొంగతనం. అది భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్. బండి ఎత్తుకుపోతే యజమానికి బండి ఉండదు. పాట కాపీ చేస్తే అసలు పాట ఉన్నచోటే ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1985లో డౌలింగ్ కేసులో, అనుమతి లేకుండా అచ్చేసిన ఎల్విస్ ప్రెస్లీ రికార్డుల విషయంలో, కాపీరైట్ ఉల్లంఘనను దొంగసొత్తుతో సమానం చేయలేమని చెప్పింది.

అంతమాత్రాన తప్పు కాదని అనుకోవద్దు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. ఈ నేరానికి పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, ఇది నాన్‌బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. సొంత వాడకానికి చట్టంలో కొంత మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది ‘న్యాయమైన వాడకం’ అన్న షరతుతో ఉంది. ఊరూపేరూ లేని సైటు నుంచి ఆల్బమ్‌కు ఆల్బమ్ దించుకుని ఆ మినహాయింపు మీద భరోసా పెట్టుకోవద్దు. డబ్బులు తీసుకుని మెమరీ కార్డులో పాటలు ఎక్కించే పనికైతే ఆ మినహాయింపు వర్తించనే వర్తించదు.

నా మటుకు నేను ఇంట్లో పాట దించుకున్న పిల్లవాణ్ని దొంగ అనను. కానీ రాసినవాళ్లకు, పాడినవాళ్లకు రావాల్సింది రాకుండా చేసినట్టే అంటాను. 2012లో చట్టాన్ని సవరించి, గీత రచయితకు, సంగీత దర్శకుడికి వచ్చే రాయల్టీ వాటాను నిర్మాత పూర్తిగా రాయించుకోవడానికి వీల్లేకుండా చేశారు. పాట సరైన దారిలో విన్నప్పుడే ఆ వాటాకు అర్థం ఉంటుంది.

ఆఫీసు కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి రెండో అనుమతి కూడా కావాలి. పాట ఒకరిది, కంప్యూటర్, నెట్ కనెక్షన్ ఇంకొకరివి. అమెరికాలోని అరిజోనాలో ఒక కంపెనీ ఉద్యోగులు ఆఫీసు సర్వర్‌లో ఎంపీ3 పాటలు పెట్టి పంచుకున్నారు. 2002లో ఆ కంపెనీ రికార్డు కంపెనీలతో రాజీకి పది లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. విన్నది ఉద్యోగులు, కట్టింది యజమాని. ఇక పాటతో పాటు వైరస్ వచ్చి మిల్లు లెక్కలన్నీ పోతే ఆ కష్టం ఏ రాయల్టీతోనూ తీరదు. అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి వైరస్ చేరేలా చేస్తే నష్టపరిహారం కట్టాలని ఐటీ చట్టం 43వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు చేత్తో చేద్దాం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి ‘వ్యూ’లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కు టిక్ పెట్టండి. విండోస్ 11లో అయితే ‘వ్యూ’, అందులో ‘షో’, ఆ తర్వాత అదే టిక్. పేరు చివర డాట్ ఎంపీ3 అని ఉంటే పాట. డాట్ ఎంపీ3 తర్వాత మళ్లీ డాట్ ఈఎక్స్ఈ అని ఉంటే అది పాట కాదు, ప్రోగ్రామ్. దాని మీద డబుల్ క్లిక్ చేయవద్దు. సైజు కూడా చూడండి. నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో (సెకను పాటకు ఎన్ని కిలోబిట్ల డేటా అన్న లెక్క) దాదాపు 4 ఎంబీ, 320లో దాదాపు 10 ఎంబీ ఉంటుంది.

తర్వాత ఒక పాట మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో ‘డీటెయిల్స్’ తెరవండి. గాయకుడి పేరు ఉండాల్సిన చోట, ఆల్బమ్ పేరు పక్కన, కామెంట్ల దగ్గర ఏదో వెబ్‌సైటు పేరు అతికించి ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇక అడగనక్కర్లేదు. కిందికి జరిపితే ‘పబ్లిషర్’, ‘ఎన్‌కోడెడ్ బై’, ‘కాపీరైట్’ గళ్లు ఉంటాయి. అవి ఖాళీగా ఉన్నంత మాత్రాన తప్పు అని కాదు, సొంత సీడీ నుంచి ఎక్కించుకున్న పాటలోనూ ఖాళీగా ఉండొచ్చు. అందుకే ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకుండా రెండు మూడు కలిపి చూడాలి. చందా కట్టిన యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ పెట్టుకున్న పాట ఇలా విడి ఎంపీ3గా కనిపించదు, యాప్ లోపలే ఉంటుంది. యూట్యూబ్ నుంచి వేరే సైటుతో దించిన పాట ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధం.

మన దగ్గర ఎక్కువమంది చిక్కుపడేది బతుకమ్మ పాటల దగ్గర. ‘అది మన అమ్మమ్మల పాట గదా, దానికి ఓనరెవరు?’ అంటారు. పాటకు లేకపోవచ్చు. తరాలుగా పాడుకుంటున్న వరుస, పల్లవి ఎవరి సొత్తూ కాదు. మీరు పాడుకోవచ్చు, ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. కానీ స్టూడియోలో డప్పు, తాళం కూర్చి, గాయనితో పాడించి విడుదల చేసిన రికార్డింగ్‌కు హక్కుదారు ఉంటారు. పాత పల్లవికి కొత్త చరణాలు రాసి ఉంటే ఆ చరణాలు రాసినవారివి. ఏటా బతుకమ్మ ముందు యూట్యూబ్‌లో వచ్చే కొత్త పాటల్లో చాలావరకు ఇలాంటివే. వాటి వెనక ఉన్నది పెద్ద కంపెనీలు కాదు, మన జిల్లాల పిల్లలే. వాళ్ల చానెల్‌లోనే విన్నామంటే ఆ వ్యూస్ వాళ్లవే అవుతాయి. పాట దించుకుని గ్రూపుల్లో పంచితే వాళ్లకు ఏమీ రాదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

పాత రికార్డుల సంగతి: సౌండ్ రికార్డింగ్ హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. అంటే 1964లో విడుదలైన రికార్డుకు 2024 చివరిదాకా. కానీ అందులోని సాహిత్యానికి, రాసినవారు చనిపోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అందుకని ‘పాతపాటే కదా’ అని వదిలేయకుండా రెండు లెక్కలూ వేయండి.

అభ్యాసం. మీరు కొత్తగా చేరిన ఆఫీసులో ఇలాంటి ఫోల్డర్ కనబడింది. మీరు పెట్టింది కాదు. మీ అంతట మీరు డిలీట్ చేయవద్దు, అది కూడా అనుమతి లేని పనే. ఫోల్డర్ సైజు, ప్రాపర్టీస్‌లోని తేదీ కాగితం మీద రాసుకుని చెప్పండి: “సార్, మన సిస్టంల పాటల ఫోల్డర్ ఉన్నది. నేను రాకముందుదే, తేదీ చూసిన. తీసెయ్యమంటరా?” ఆయన ‘ఉండనీ’ అంటే కంప్యూటర్ యజమాని అనుమతి దొరికినట్టే, పాట యజమానిది ఇంకా దొరకలేదు. ఆ మాట కూడా మర్యాదగా చెప్పండి. పనిలో పాట కావాలనిపిస్తే మీ ఫోన్, మీ డేటా, మీ ఇయర్‌ఫోన్స్ వాడండి, అదీ ఆఫీసులో ఒప్పుకుంటేనే. స్పీకర్ పెట్టి కస్టమర్లకు వినిపించాలంటే సొంత చందా యాప్ సరిపోదు, దానికి వేరే లైసెన్సు కావాలి.

వచ్చే పాఠానికి ముందు మీ ఫోల్డర్‌లో ఏవైనా పది ఫైళ్ల డీటెయిల్స్ తెరిచి, ఒక్కోదాని ఎదురుగా ‘తెలిసింది’, ‘అనుమానం’, ‘ప్రోగ్రామ్’ అని రాయండి. ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ కూడా పక్కన పెట్టుకోండి. 7వ పాఠంలో ట్యాలీ డేటాకు బ్యాకప్ తీస్తాం.